నల్లకోటు కంటే యూనియన్ కార్డు

పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన లేబర్ కోడ్‌లు నాలుగూ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి నాకు తెలిసిన లా విద్యార్థులు ఇద్దరు ముగ్గురు ఒకటే ప్రశ్న అడిగారు: కార్మికుల తరఫున పనిచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? హైకోర్టులో మంచి సీనియర్ దగ్గర చేరమని చెప్పేవాళ్లు బోలెడు మంది. నేను మాత్రం యూనియన్ ఆఫీసుకి వెళ్లమంటాను. ఇందులో ఆదర్శమేమీ లేదు, చట్టమే ఆ దారి చూపిస్తోంది.

కార్మికుడి కేసు నిజంగా తేలేది కోర్టులో కాదు. ముందు ఫ్యాక్టరీ లోపల జరిగే ఎంక్వైరీలో, తర్వాత లేబర్ ఆఫీసులో రాజీ అధికారి ముందు తేలుతుంది. ఎంక్వైరీకి తోటి కార్మికుణ్ణో యూనియన్ మనిషినో తోడు తెచ్చుకోనిస్తారు గానీ, మామూలుగా లాయర్ని రానివ్వరు. రాజీ చర్చల్లోకి లాయరు రాకూడదని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 36వ సెక్షనే చెప్పింది. లేబర్ కోర్టులోనో పారిశ్రామిక వివాదాలు తేల్చే ట్రిబ్యునల్లోనో వాదించాలన్నా ఎదుటి పక్షం ఒప్పుకోవాలి, పైగా కోర్టు అనుమతి కావాలి. అదే యూనియన్ కార్యవర్గ సభ్యుడు, అంటే ఆఫీస్ బేరర్‌ అయితే ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1947 చట్టం స్థానంలో వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ ఏర్పాటును కదపలేదు.

1976లో పారాదీప్ పోర్ట్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. మనిషి లాయరే అయినా, యూనియన్‌లో గానీ యాజమాన్యాల సంఘంలో గానీ ఆఫీస్ బేరర్‌గా వస్తే ఆ అడ్డంకి వర్తించదంది. ఈ తలుపులోంచి యాజమాన్యాలు దర్జాగా నడుస్తున్నాయి. రాజీ చర్చలకు ఫైలు పట్టుకొచ్చే హెచ్ఆర్ మేనేజర్లలో లా డిగ్రీ ఉన్నవాళ్లు ఎందరో. వాళ్లనెవరూ లాయర్లనరు. మరి కార్మికుడి పక్క కుర్చీలో చట్టం చదివినవాడు ఎందుకు ఉండడు? యూనియన్ కార్యవర్గంలో బయటివాళ్లకు చట్టమే చోటిచ్చింది. మామూలు పరిశ్రమల్లో మూడో వంతు లేదా ఐదుగురు, రెండిట్లో ఏది తక్కువైతే అంతమంది. అసంఘటిత రంగంలోనైతే సగం దాకా. ఆ సీట్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది రిటైరైన నాయకులే. వాళ్ల అనుభవాన్ని తక్కువ చేయను. కానీ కొత్త కోడ్‌లు చదివే ఓపిక వాళ్లలో ఎంతమందికుంది?

చదువు కోసం లక్షల్లో లోను తీసుకున్న పిల్లవాడు కార్పొరేట్ సంస్థకు కాక ఇంకెక్కడికి వెళ్తాడని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జూనియర్లకు నగరాల్లో నెలకు కనీసం 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వాలని 2024లో బార్ కౌన్సిల్ సిఫార్సు చేసింది. సిఫార్సే కదా, ఇచ్చేవాడు ఇస్తాడు. అందుకే యూనియన్లే జీతమిచ్చి పెట్టుకోవాలంటున్నాను. సభలకూ ఫ్లెక్సీలకూ దొరికే డబ్బు దీనికి దొరకదా? పూర్తికాలం జీతం తీసుకుంటే ప్రాక్టీసు కుదరదంటుంది బార్ కౌన్సిల్. కుదరకపోతే మానె, రాజీ బల్ల దగ్గర కూర్చోవడానికి సనద్ (లాయరు లైసెన్సు) ఎవరూ అడగరు.

తెలుగువాళ్లకు ఇది కొత్త దారి కూడా కాదు. బరంపురం నుంచి డబ్లిన్ వెళ్లి లా చదివొచ్చిన వి.వి.గిరి కోర్టు వదిలి రైల్వే కార్మికుల మధ్యకు వెళ్లారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మె నడిపినవాళ్లలో ఆయనొకరు. తర్వాత కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసిందని 1954లో ఆ పదవినీ వదిలేశారు. లాయరు చదువు చదివి కూడా, కోర్టు తీర్పుల కంటే ముఖాముఖి బేరమే కార్మికుడికి మేలని జీవితాంతం వాదించారాయన.

ఆ బేరం ఏ భాషలో జరగాలి? నాకు అసలు మంట ఇక్కడే. ఒకసారి లేబర్ ఆఫీసు వరండాలో సస్పెండైన హెల్పర్ ఒకాయన కనిపించాడు. ప్లాస్టిక్ కవర్లో గేటు పాసు, అక్షరాలు వెలిసిపోయిన జీతం చీటీలు, మడతలు పడ్డ చార్జ్‌షీటు. రెండు పేజీలూ ఇంగ్లీషే. 'విల్‌ఫుల్ ఇన్‌సబార్డినేషన్' అన్న మాట మీద వేలు పెట్టి, "సారూ, నేను దొంగతనం చేసిన్నని రాసిన్రా?" అన్నాడు. సూపర్‌వైజర్ మాట వినలేదని రాశారని చెప్తే మొహం తేటపడింది. పదిహేను రోజులుగా తన మీద దొంగతనం మోపారనుకుంటూ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తిరుగుతున్నాడట.

ఫ్యాక్టరీ ఉద్యోగ నియమాలైన స్టాండింగ్ ఆర్డర్లను కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో కూడా గేటు దగ్గర అతికించాలని 1946 చట్టమే అంది. వంద మంది ఉన్న ఫ్యాక్టరీకి వర్తించే ఆ చట్టం స్థానంలో కూడా వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 300 మంది కంటే తక్కువున్న చోట ఆ బాధ్యతే లేకుండా చేసింది. ఉద్యోగం పోతే నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్లే గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. తన మీద మోపిన నేరమేమిటో చదువుకోలేని మనిషి ఆ గడువును మాత్రం గుర్తుపెట్టుకోవాలి! మన లా కాలేజీలేమో మూట్ కోర్టులన్నీ, అంటే ఉత్తుత్తి కోర్టు వాదనలన్నీ, ఇంగ్లీషులో ఆడిస్తాయి. తెలుగులో ఒక చార్జ్‌షీటుకు జవాబు రాయడం ఐదేళ్లలో ఒక్క పీరియడ్ అయినా నేర్పిస్తాయా?

ఆ హెల్పర్ వెంట యూనియన్ పంపిన కుర్రాడొకడు ఉన్నాడు, లా ఫైనలియర్. వరండా బల్ల మీదే కూర్చుని తెలుగులో పేజీన్నర జవాబు రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించాడు. లోపల కంపెనీ మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇంగ్లీషు కాపీ ఇవ్వమన్నాడు. మీ చార్జ్‌షీటుకి తెలుగు కాపీ ఇవ్వండి, ఇది కూడా ఇస్తాం అన్నాడు కుర్రాడు. రాజీ అధికారి నవ్వి, రెండు వారాలకు వాయిదా వేశాడు.