గేట్ వాల్వ్‌తో గొడవ

బాత్రూంలో కుళాయి కారుతోంది, వాషర్ మారిస్తే సరిపోయే పని. కానీ ముందు డాబా మీద ట్యాంకు దగ్గర నీళ్లు ఆపే గేట్ వాల్వ్ కట్టాలి కదా, అది తిరిగితే ఒట్టు! మా బోరు నీళ్లలో ఉన్న కాల్షియం అంతా లోపల తెల్లగా గట్టిపడిపోయి, ఇత్తడి ఎక్కడుందో సున్నం ఎక్కడుందో తెలియకుండా తయారైంది. నూనె స్ప్రే కొట్టి, గంటసేపు ఆగి, పైపు రెంచి పెట్టి కొంచెం గట్టిగా తిప్పితే చక్రం హాయిగా తిరగడం మొదలెట్టింది. సంతోషించేలోపే అర్థమైంది, లోపల కాడ విరిగింది, నీళ్లకు అడ్డంగా దిగాల్సిన బిళ్ల ఉన్నచోటే ఉంది, నీళ్లు ఎప్పటిలాగే వస్తున్నాయి.

ఇక దాన్ని మార్చాలంటే వెయ్యి లీటర్ల ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి, ఈ ఎండల్లో! పోనీ విప్పడమైనా తేలికా అంటే, ఇల్లు కట్టినప్పుడు పైపు వేసిన మహానుభావుడు ఒక్క యూనియన్ (పైపుల్ని తిప్పకుండానే విడదీసే జాయింటు) కూడా పెట్టలేదు, అటూ ఇటూ జీఐ (జింకు పూత ఇనుము) పైపులు గోడలోకి వెళ్లిపోయాయి, ఒకవైపు తిప్పితే రెండోవైపు బిగుస్తుంది. కోయాల్సిందే. కోశాక మిగిలిన ముక్క తుప్పుపట్టి ఎల్బో అనే వంపు జాయింటులోనే విరిగింది, దాన్ని తీయడానికి ఇంకో పూట.

అసలు అక్కడ బాల్ వాల్వ్ పెడితే పావు తిప్పుకే కట్టేయొచ్చు, కనీసం తెరిచి ఉందో మూసి ఉందో పిడి చూస్తే తెలుస్తుంది. ఇలాంటి చిన్న ఖర్చు దగ్గర పొదుపు చేస్తారు, హాల్లో ఫాల్స్ సీలింగుకి మాత్రం లక్షలు!