హెచ్-ఇండెక్స్ రాయొద్దన్నారు, తీరా అడిగింది మాత్రం అదే

పొద్దున పదకొండింటికి వీడియోలో ఇంటర్వ్యూ అయింది. ఇప్పుడు సాయంత్రం ఆరు. మధ్యలో నేను చేసిన పని ఒక్కటే, అన్నం మాడబెట్టడం. కాబట్టి ఈ పోస్టులో పద్ధతీ పాడూ వెతక్కండి.

జర్మనీలో ఒక సంస్థ. పేరు చెప్పను, ఇంకొన్నాళ్లు ఈ దేశంలో బతకాలి. ప్రాజెక్టు నిధులతో నడిచే గ్రూప్ లీడర్ పోస్టు, ఐదేళ్లు. అప్లికేషన్ తెరవగానే పైన లావు అక్షరాల్లో హెచ్చరిక: హెచ్-ఇండెక్స్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పరిశోధకులకీ జర్నళ్లకీ వేసే మార్కులు, వివరం కింద చెప్తా) ఎక్కడా రాయకూడదు, రాస్తే చదవకుండానే పక్కన పడేస్తాం. అంకెల బదులు మన కథ రాయాలట. నేరేటివ్ సీవీ అంటారు దాన్ని. అందులో 'మంచి పరిశోధనా పద్ధతుల కోసం మీరేం చేశారు' అని ఒక గడి, 500 పదాలు. నేను పొంగిపోయాను. అమ్మయ్య, ఇన్నాళ్లకి అంకెల్ని వదిలి మనుషుల్ని చదివే రోజులొచ్చాయనుకుని రెండు శనాదివారాలు కూర్చుని రాశాను. ఒక్కో వాక్యం మూడుసార్లు దిద్దుకున్నాను, పెళ్లి శుభలేఖ రాసినట్టు.

ఇవాళ ప్యానెల్లో ఐదుగురు. నాలుగో ఆయన వంతొచ్చింది. ఆయన కళ్లద్దాల్లో ఆయన చూస్తున్న స్క్రీన్ కనిపిస్తోంది. నాకు బాగా పరిచయమున్న పేజీయే. ఎడమవైపు పేపర్ల వరస, కుడివైపు చిన్న చిన్న నిలువు గీతలు. గూగుల్ స్కాలర్, ఎవరి పేపర్లని ఎన్నిసార్లు ఉటంకించారో చూపించే పేజీ. నాదే. ఆ గీతలు ఎంత పొట్టిగా ఉంటాయో నాకంటే బాగా ఎవరికి తెలుసు! "మీ హెచ్-ఇండెక్స్ ఏడు" అన్నాడు. అడగలేదు, థర్మామీటర్ తీసి జ్వరం చెప్పినట్టు చెప్పాడు. "2021 నుంచి 2023 దాకా ఒక్క పేపరూ లేదు. పిల్లలా?"

పక్క గడిలో ఛైర్‌పర్సన్ గట్టిగా దగ్గింది. ఆయన సర్దుకుని, ఇంకాస్త దయగా, "పిల్లలైతే ఇబ్బంది లేదు, మేం అది లెక్కలోకి తీసుకుంటాం" అన్నాడు.

పిల్లలు కాదండీ. ఆ రెండేళ్లూ ఏం చేశానో మీరడిగిన గడిలోనే, మీరడిగిన 500 పదాల్లోనే రాశాను, తమరు చదవలేదు.

అనలేదు. నవ్వాను. ఆయన మీద కన్నా ఆ నవ్వు మీదే నాకు ఎక్కువ మంటగా ఉంది.

ఈ గోల తెలియని పుణ్యాత్ముల కోసం రెండు ముక్కలు. హెచ్-ఇండెక్స్ ఏడు అంటే, నా పేపర్లలో ఏడింటిని ఒక్కోదాన్ని కనీసం ఏడేసి సార్లు ఎవరో ఒకరు ఉటంకించారని. 2005లో హిర్ష్ అని అమెరికాలో ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ కనిపెట్టాడు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ దానికి అక్క. అది మనిషికి కాదు, జర్నల్‌కి వేసే మార్కు. లైబ్రరీల వాళ్లు ఏ జర్నల్ కొనుక్కోవాలో చూసుకోవడానికి పనికొచ్చే లెక్క అది. కూరగాయల కాటా తెచ్చి పెళ్లికూతుర్ని తూచారు, అంతే. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు కూర్చుని ఇది తప్పని ఒక ప్రకటన రాశారు. తర్వాత 2022 జులైలో యూరప్ అంతా కలిసి ఇంకో ఒప్పందం రాసుకుంది. కోఆరా అని దానికో కూటమి. 700కి పైగా సంస్థలు సంతకాలు పెట్టాయి. ఇవాళ నన్ను 'పిల్లలా' అని అడిగిన సంస్థా పెట్టింది. ఆ లోగో నేను నింపిన అప్లికేషన్ అడుగునే ఉంది. సంతకం పెట్టిన చేయి వేరు, గూగుల్ చేసిన చేయి వేరు కాబోలు.

ఆ సంస్కరణకి డబ్బూ వచ్చింది. యూరోపియన్ యూనియన్ వాళ్ల హొరైజన్ యూరప్ 2021 నుంచి 2027 దాకా ఏడేళ్లకి దాదాపు 9,500 కోట్ల యూరోల పరిశోధనా పథకం. అందులోంచి ఈ కూటమిని నడపడానికి దాదాపు 50 లక్షల యూరోలు. చిల్లరే కదా, దానికీ ఏడవాలా అంటారేమో. ఏడుపు అంకె మీద కాదు, ఆ డబ్బు ఎటు పోతుందన్న దాని మీద. వర్కింగ్ గ్రూపులు. కార్యాచరణ ప్రణాళికలు. బ్రస్సెల్స్‌లో రెండ్రోజుల సమావేశం, స్టికీ నోట్ల మీద రంగు పెన్నులతో 'నమ్మకం', 'వైవిధ్యం' అని రాసి గోడకి అంటించడం. నేనూ ఒకసారి వెళ్లాను, ఉత్తినే చెప్పట్లేదు. నా టేబుల్ దగ్గర ఎనిమిది మందిమి. 'యువ పరిశోధకుల ఉద్యోగ అభద్రత' మా అంశం. ఎనిమిదిలో ఏడుగురు పర్మనెంట్. ఏడుగురూ నా వైపు తిరిగి "నువ్వు చెప్పు" అన్నారు. చెప్పాను. రాసుకున్నారు. మధ్యాహ్నం భోజనం మాత్రం బాగుంది.

ఇక్కడ ఉద్యోగాల సంగతి మన వాళ్లకి చెబితే నమ్మరు. జర్మనీ అంటే పద్ధతికి పుట్టినిల్లు కదా అంటారు. అవును, పద్ధతిగానే పంపేస్తారు. 2007లో ఒక చట్టం తెచ్చారు. పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు, అంతవరకే యూనివర్సిటీ నిన్ను కాంట్రాక్టు మీద ఉంచుకోవచ్చు. ఆ తర్వాత పర్మనెంట్ చేయాలి, లేదా బయటి ప్రాజెక్టు డబ్బేదైనా ఉంటే దాని తోక పట్టుకుని వేలాడాలి. పర్మనెంట్ పోస్టులు లేవు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. 2021లో వాళ్ల నివేదికే చెప్పింది, 45 ఏళ్ల లోపు, ప్రొఫెసర్లు కాని పరిశోధకుల్లో 92 శాతం కాంట్రాక్టు వాళ్లేనని. మన గెస్ట్ లెక్చరర్లు గుర్తొస్తున్నారా? ఇక్కడ చలి ఎక్కువ, అదే తేడా.

ఈ చట్టం ఎంత గొప్పదో వివరించడానికి ఇక్కడి పరిశోధనా మంత్రిత్వశాఖ ఒక బొమ్మల వీడియో చేసింది. అందులో హన్నా అనే జీవశాస్త్రం అమ్మాయి. ఒక తరమే పోస్టులన్నిట్నీ మూసేసి కూర్చోకుండా, వెనక వచ్చేవాళ్లకి దారి దొరకాలంటే ఈ కాంట్రాక్టులు ఉండాలట. వాళ్లు వాడిన మాట కాలువ పూడిపోవడానికి వాడే మాట. అంటే నేను కాలువలో ప్లాస్టిక్ కవర్‌ని. 2021 జూన్‌లో ఆ వీడియో జనం కంటపడింది. 'నేనే హన్నా' అంటూ ట్విట్టర్ ఊగిపోయింది. వీడియో తీసేశారు. చట్టం తీయలేదు. మార్చుతామని ముసాయిదా రాశారు, 2024 నవంబర్‌లో ప్రభుత్వమే పడిపోయింది. ముసాయిదా కూడా దాంతోపాటే సహగమనం.

హన్నాకి కనీసం పాస్‌పోర్టు బాధ లేదు. అందుకే ఆ వెంటనే మాలాంటివాళ్లం 'నేను రేహాన్' అని ఇంకోటి మొదలెట్టాం. మా కాంట్రాక్టు అయిపోతే వీసాకీ నూరేళ్లు నిండుతాయి. నిరుడు నా కాంట్రాక్టు ఎనిమిది నెలలు పొడిగించారు, కాగితం మాత్రం ఆఖరి వారంలో చేతికొచ్చింది. ఫారినర్స్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరకలేదు. అప్పుడొక తాత్కాలిక పత్రం ఇస్తారు. దాని జర్మన్ పేరులో 'ఫిక్షన్' అన్న మాటే ఉంది. ఒట్టు. నేనిక్కడ ఉన్నానన్నది చట్టం దృష్టిలో ఒక కల్పన. ఆ కల్పన సంచిలో పెట్టుకునే, చెల్లి సీమంతానికి ఇంటికెళ్లాలా వద్దా అని మూడు రాత్రులు ఆలోచించి మానేశాను. బయటికెళ్తే తిరిగి రానిస్తారో లేదో అన్న భయం. అమ్మ ఏమీ అనలేదు. "ఇంకా పర్మనెంట్ కాలేదా తల్లీ" అని మాత్రం అడిగింది. అమ్మా, ప్యానెల్లో కూర్చో నువ్వు, వాళ్లకంటే సూటిగా అడుగుతావు.

ఇంత జరుగుతుంటే 2025 మేలో పారిస్ యూనివర్సిటీ సోర్బోన్‌లో పెద్ద సభ. యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లేయన్ గారు వచ్చి, యూరప్‌ని ఎంచుకోండి, 50 కోట్ల యూరోలు పెడతాం అన్నారు. అమెరికాలో ట్రంప్ తరిమేస్తున్న వాళ్లని ఇటు పిలవడానికి. పిలవండి, నాకేం అసూయ లేదు. (ఉంది.) ఇల్లలికి ముగ్గులేసి కొత్త అల్లుడికి ఎదురుచూస్తున్నారు సరే, ఉన్న కూతురు వసారాలో పడుకుంటోంది, చూశారా? 2025 సెప్టెంబర్‌లో యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) ఫెలోషిప్‌కి 17,058 అప్లికేషన్లు వచ్చాయి. అంతకుముందు ఏడాది 10,360. ఉన్న సొమ్ము 40 కోట్ల యూరోల చిల్లర. పదిమందిలో ఒకరికి దక్కితే గొప్ప. ఒక్కో అప్లికేషన్‌కి నెల రోజులు పట్టిందనుకోండి, గుణించుకోండి, ఎన్ని మనిషి-జీవితాలు పీడీఎఫ్‌ల కింద పోయాయో. ఆ పదిహేడు వేలల్లో నేనూ ఒకదాన్ని, చెప్పక్కర్లేదనుకుంటా.

ఇప్పుడు ఎవరో ఒకరు కామెంట్లో వస్తారు, 'మన దగ్గర కంటే నయం కదా' అని. నాయనా, మన దగ్గర సంగతి నాకు తెలుసు. 2010లో యూజీసీ అధ్యాపకుల పదోన్నతులకి ఏపీఐ స్కోరని పెట్టింది, పేపర్‌కి ఇన్ని పాయింట్లని. డబ్బిస్తే అచ్చేసే జర్నళ్లు ఈసుళ్లలా పుట్టుకొచ్చాయి. 2018లో యూజీసీ తన జాబితాలోంచి తనే 4,305 జర్నళ్లు పీకేయాల్సి వచ్చింది. మన హైదరాబాద్ ప్రచురణ సంస్థ ఒకదాని మీద, జనాన్ని మోసం చేసిందని, 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్ల పైచిలుకు వడ్డించింది. నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేశానని తెలిశాక ఒక జర్మన్ సహోద్యోగి కాఫీ తాగుతూ నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది. వాళ్లు మాత్రం నేచర్‌లో ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదువుకునే) పేపర్‌కి వేల యూరోలు కట్టేస్తే అది ప్రతిష్ఠ. మన వాడు ఐదువేల రూపాయలు కడితే దొంగ. అంకెల చుట్టూ పరిగెత్తించేది ఇద్దరూ, బూట్లే వేరు.

అసలు సంగతి దగ్గరికి వస్తా. ఆ రెండేళ్ల సంగతికి. ఇది ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, ఆ గడిలో తప్ప.

నేను చేరిన ల్యాబ్‌లో నా ముందున్న పోస్ట్‌డాక్ ఒక ఫలితం వదిలి వెళ్లాడు. ఒక జన్యువుని అణిచేస్తే ఒక ప్రోటీన్ తగ్గుతుందని. మంచి జర్నల్లో వచ్చింది, ఆ పేపరు మీదే ఆయన ప్రొఫెసరయ్యాడు. నా పని అక్కడ్నించి ముందుకెళ్లడం. నాకు ప్రోటీన్ తగ్గలేదు. వెస్టర్న్ బ్లాట్ మళ్లీ చేశాను. యాంటీబాడీ అనే అణువుతో ప్రోటీన్‌ని పట్టుకుని, ఎంతుందో నల్ల గీతగా చూపించే పరీక్ష అది. మళ్లీ. కోల్డ్ రూమ్‌లో నాలుగు డిగ్రీల్లో స్వెటర్ మీద కోటేసుకుని తెల్ల పొరలు కడుగుతూ, పదకొండుసార్లు. మా బాస్ ఆ నల్ల గీతలు చూసి, "కొందరి చేతుల్లో పనిచేస్తుంది, కొందరి చేతుల్లో పనిచేయదు" అన్నాడు. మా అమ్మమ్మ ఆవకాయ గురించి అనే మాట అది. చెయ్యి కుదరాలే, అని. ఆవకాయకైతే ఒప్పుకుంటా. ప్రోటీన్‌కి హస్తవాసి ఉంటుందా?

చివరికి ఏం చేశానంటే, ఆ ప్రోటీన్ బొత్తిగా లేని కణాలు తయారుచేయించి, వాటిమీద అదే యాంటీబాడీ వేశాను. గీత వచ్చింది. నల్లగా, దిట్టంగా, అదే చోట. లేని మనిషికి రేషన్ కార్డున్నట్టు. అంటే ఆ యాంటీబాడీ ఇంకేదో ప్రోటీన్‌ని పట్టుకుంటోంది. అందరం ఇన్నేళ్లూ చూస్తున్నది ఆ ఇంకేదో. ఆ రాత్రి ఎనిమిదిన్నరకి స్కానర్ దగ్గర ఒక్కదాన్నే నిలబడి నవ్వాను, నా చేతులు బాగానే ఉన్నాయని.

బాస్ చూశాడు. "ఆసక్తికరంగా ఉంది" అన్నాడు. జర్మనీలో ఆ మాటకి అర్థం ఇక్కడున్న వాళ్లకి తెలుసు. రాసి పంపుదామన్నాను. పాత పోస్ట్‌డాక్ మనకి మిత్రుడు, చూద్దాం, ముందు కొత్త ప్రాజెక్టు చెయ్యి అన్నాడు. ఆ చూద్దాం ఇంకా చూస్తూనే ఉంది. 2016లో నెదర్లాండ్స్‌లో పాత ప్రయోగాల్ని మళ్లీ చేసి చూడటానికే ప్రత్యేకంగా 30 లక్షల యూరోలు పెట్టారు, ప్రపంచంలో మొదటిసారి. అది చదివి మంచి దేశం అనుకున్నా. అదే దేశంలో 2024 నవంబర్‌లో విద్యార్థులూ అధ్యాపకులూ హేగ్‌లో వేలల్లో రోడ్డెక్కారు, యూనివర్సిటీల డబ్బు కోసేస్తున్నారని.

అదీ నా 'ఖాళీ'. జర్మన్ చట్టం ప్రకారం ఒక బిడ్డని కంటే ఆ కాంట్రాక్టు గడియారానికి రెండేళ్లు కలుస్తాయి. మంచిదే, కలవాలి. తప్పుని పట్టుకుంటే రెండు రోజులు కూడా కలవవు. ఆ ప్యానెల్ ఆయనకి నేను అబద్ధమాడి 'అవునండీ, కవలలు' అని ఉంటే ఉద్యోగం వచ్చేదేమో.

ఇంతా రాశాక మెయిల్ చూసుకున్నాను. రిజెక్షన్ అనుకున్నారా? కాదు, దానికింకా ఆరు వారాలు పడుతుంది. ఇది వేరే. పరిశోధకుల మూల్యాంకనంలో సంస్కరణల మీద అక్టోబర్‌లో వర్క్‌షాప్, యువ పరిశోధకుల ప్రతినిధిగా రావాలట. రైలు చార్జీలు ఇస్తారట, సెకండ్ క్లాస్. నా కాంట్రాక్టు సెప్టెంబర్ 30తో సరి. ఫారంలో 'సంస్థ పేరు' అన్న గడి పక్కన ఎర్ర నక్షత్రం ఉంది, నింపకపోతే ముందుకి కదలట్లేదు.

'తెనాలి' అని కొట్టి చూశా. తీసుకుంది.