ఊ కొట్టడం కూడా ఉద్యోగమే

మన భాష కొందరికి తీరని అన్యాయం చేసింది. నాయకుడు ఏమన్నా తలూపేవాణ్ణి ‘వంత పాడుతున్నాడు’ అంటాం. భార్య చెప్పేది వినకుండానే ఒప్పుకునేవాణ్ణి ‘ఊ కొడుతున్నాడు’ అంటాం. ఈ రెండు పనులూ జీతానికి చేసి, నిక్షేపంగా 91 ఏళ్లు బతికిన మనిషి అమెరికాలో ఉండేది. నాష్‌విల్ ఊరి కోరస్ గాయని మిలీ కిర్‌కమ్.

పేరు వినలేదా? గొంతు వినే ఉంటారు. 1957లో ఎల్విస్ ప్రెస్లీ పాడిన ‘బ్లూ క్రిస్మస్’లో వెనక నుంచి ‘ఊ ఊ ఊ’ అంటూ తేలివచ్చే గొంతు ఆవిడదే. ఆ పాట ఎల్విస్‌కు ఇష్టం లేదట, ఏదో ఒక వెర్రి పని చేయండి అన్నాడట. ఆరో నెల కడుపుతో ఉన్న మిలీ పాట పొడుగునా ఊ కొట్టింది. పాడుచేద్దామని పాడిన ఆ పాటను జనం ఇప్పటికీ ప్రతి డిసెంబర్‌లో వింటున్నారు. (మంచి చేద్దామని పాడిన పాటల గతి నేను చెప్పను.)

రాక్ అండ్ రోల్ దెబ్బకు, నాష్‌విల్‌లో తయారయ్యే ‘కంట్రీ’ రికార్డుల (అమెరికా పల్లె పాటలు) బేరం తగ్గిన రోజులవి. చెట్ ఆట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ అనే ఇద్దరు నిర్మాతలు పల్లెటూరి ఫిడేలును పక్కనపెట్టి, మెత్తని కోరస్‌ను తెచ్చారు. ఆ కొత్త బాణీకి ‘నాష్‌విల్ సౌండ్’ అని పేరు. అంటే ఏమిటని అడిగితే ఆట్కిన్స్ జేబులో చిల్లర గలగలలాడించేవాడట. ఎవరి జేబు అన్నది వేరే చర్చ. కోరస్‌వాళ్లకు మూడు గంటల సెషన్, దానికింత అని కూలి. అందులోనే మూడు నాలుగు పాటలు అయిపోవాలి. స్వరాలు రాసుకునే తీరిక లేక, జోర్డనేర్స్ అనే కోరస్ బృందంలోని నీల్ మాథ్యూస్ కార్డ్స్‌కు (chords, అంటే కలిపి మోగించే స్వరాలకు) అంకెలు వేశాడు. నాష్‌విల్ ఇప్పటికీ ఆ అంకెలతోనే నడుస్తోంది. కవర్ మీద పేరు లేనివాళ్లు అంకెలను నమ్ముకోవడంలో వింతేముంది?

1980లో కంట్రీ గాయకుడు జార్జ్ జోన్స్ ‘హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’లో పాట ఆపి మాటల్లోకి దిగుతాడు. చచ్చిపోయిన ప్రేమికుణ్ణి చూడటానికి ఆమె వచ్చిందని చెబుతుంటే, వెనక మళ్లీ మిలీ ‘ఊ’. ఏడిపించిన ఖ్యాతి జోన్స్‌కు దక్కింది.

అమెరికాలో మామూలు రేడియో పాట వేస్తే పాడినవాళ్లకు పైసా ఇవ్వదు. ఎల్విస్‌కూ లేదు, మిలీకీ లేదు. ‘బ్లూ క్రిస్మస్’ రాసిన ఇద్దరికి మాత్రం లెక్కగట్టి ఇస్తుంది. వాళ్లు రాసిన కాగితంలో ఆ ‘ఊ’ లేనే లేదు.