ఆ పది చుక్కలే ధర చెబుతాయి

వాడిన చాకును అమ్మాలనుకున్న మనిషి మొదట చేసే పని దాన్ని తళతళలాడేలా రుద్దడం. చింతపండు పెట్టి తోమేవారు కొందరు, పాలిష్ చక్రం మీద పెట్టించేవారు ఇంకొందరు. కొత్తదానిలా కనబడితే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని వాళ్ల ఆశ. నిజానికి ఆ చేత్తోనే దాని ధరను అరగదీస్తున్నారు. చాకు విలువంతా బ్లేడు పిడిలోకి దూరే చోట, వేలి గోరంత జాగాలో కొట్టిన ముద్రలో ఉంటుంది.

అమెరికాలో కేస్ కంపెనీ చాకులను చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో తయారయ్యే ఈ మడత చాకులను సేకరించేవారు వెతికి వెతికి కొంటారు. 1965 నుంచి 1969 వరకు చేసిన వాటి మీద కంపెనీ పేరుతో పాటు ‘యూఎస్ఏ’ అని ఉంటుంది. 1970లో కంపెనీ ఒక చక్కని ఆలోచన చేసింది. ముద్ర కింద పది చుక్కలు పెట్టింది. మరుసటి ఏడు తొమ్మిది, ఆపై ఏడు ఎనిమిది. ఏటా ఒకటి తీసేస్తూ వస్తే 1979 నాటికి ఒక్కటే మిగిలింది. 1980లో పేరులోని ‘ఎస్’ అక్షరాన్ని మెరుపు తీగలా వంచి, మళ్లీ పది చుక్కలతో మొదలుపెట్టింది. అంటే మామూలు ‘ఎస్’ ఉండి నాలుగు చుక్కలుంటే ఆ చాకు 1976లో పుట్టింది. మెరుపు ‘ఎస్’ ఉండి నాలుగుంటే 1986లో. భూతద్దం ఉన్న ఎవరైనా చదువుకోగలిగిన జాతకమిది.

ఏడాదితో ఆగలేదు. అదే చాకు మీద 6254 అనే అంకె ఉందనుకోండి. 6 అంటే ఎముక పిడి, 2 అంటే రెండు బ్లేడులు, 54 అంటే ట్రాపర్ అనే నమూనా. 5తో మొదలైతే పిడి దుప్పి కొమ్ముది. ఇన్ని సంగతులు చాకే చెబుతుంటే అమ్మేవారి కబుర్లతో పనేముంది?

ముద్ర చదివాక బ్లేడు వెడల్పు చూడాలి. ఏళ్ల తరబడి సాన పట్టిన బ్లేడు మధ్యలో లోపలికి పోయి, కొస దగ్గర సన్నబడుతుంది. అదే నమూనా కొత్త చాకును పక్కన పెడితే ఎంత ఉక్కు పోయిందో తెలుస్తుంది. పోయిన ఉక్కును ఎవరూ తిరిగి తేలేరు. తెరిచినప్పుడు, మూసినప్పుడు స్ప్రింగు టక్కుమనాలి. తెరిచిన బ్లేడు పక్కలకు ఊగకూడదు. ఎముక పిడిలో మేకుల చుట్టూ వచ్చే వెంట్రుకవాసి పగుళ్లను గోటితో తడిమి చూడాలి. పాత సెల్యులాయిడ్ (తొలినాటి ప్లాస్టిక్) పిడి అయితే మరింత జాగ్రత్త. అది క్షీణించడం మొదలైతే వెలువడే ఆవిరి పక్కనున్న చాకులకు కూడా తుప్పు పట్టిస్తుంది. ఇక ధర విషయానికొస్తే, అమ్మేవారు అడుగుతున్న ధరలను పక్కన పెట్టి నిజంగా అమ్ముడైన ధరలను మాత్రమే చూడండి.

కార్బన్ ఉక్కు మీద వాడకంతో వచ్చే నీలి బూడిద రంగు పొరను చాలామంది తుప్పు అనుకుంటారు. ఆ పొర చాకు వయసుకు సాక్ష్యం, తెలిసిన కొనుగోలుదారు దాన్నే కోరుకుంటాడు. చక్రం మీద పెట్టగానే అది పోతుంది, ముద్ర అక్షరాల అంచులు కరుగుతాయి, చుక్కలు చెరుగుతాయి. మూడు చుక్కలో నాలుగు చుక్కలో తేలని చాకుకు పుట్టిన ఏడాదంటూ ఉండదు. నూనె చుక్క వేసి మెత్తని గుడ్డతో తుడవండి. అంతకు మించి చేయి పెట్టవద్దు.

ముద్రలకు నకిలీలు లేవా అని కొందరు అడుగుతారు. ఉన్నాయి. కోసే పనిముట్టుకు పుట్టిన తేదీ ఎందుకనే వారూ ఉన్నారు. నకిలీ ముద్ర కొట్టేవాడు కూడా విలువ ఎక్కడుందో తెలిసే కొడుతున్నాడు. పైగా ముద్ర, పిడి, నమూనా, అంకె ఒకదానితో ఒకటి పొసగాలి. ఒక్క చోట అబద్ధమాడితే మిగతా మూడు పట్టిస్తాయి. కోయడమే విలువైతే, సమానంగా కోసే రెండు పాత చాకులకు ఒకే ధర పలకాలి. ఏ సంతలోనూ అలా పలకదు.

ఇదంతా తలచుకుంటే నా మనసు మన కొలిమి మీదకు పోతుంది. మన కమ్మరి చేసిన కొడవలి, కత్తిపీట రెండు తరాలు పనిచేస్తాయి. వాటి మీద చేసినవారి పేరు ఉండదు, ఏడాది ఉండదు. అందుకే అమ్మబోతే పాత ఇనుము ధర తప్ప మరొకటి రాదు. ఇత్తడి, కంచు సంగతి ఇంకా బాధాకరం. మా అమ్మమ్మ బిందె మీద ఆమె పేరు, పెళ్లి తేదీ అందంగా చెక్కి ఉన్నాయి. కొన్నవారి పేరు చెక్కించుకోవడం మనకు ఇంటింటి ఆచారం. దాన్ని మలిచిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆ బిందెను చివరికి కాటా మీద పెట్టి కిలోల లెక్కన కొన్నారు. అక్కడ తూకానికి వచ్చింది లోహం ఒక్కటే. పనితనానికి రుజువు లేదు కాబట్టి ధరా లేదు.

పెంబర్తి లోహ శిల్పానికి, బుడితి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపు ఊరిది. ఏ చేయి చేసింది, ఏ ఏడు చేసింది అన్నది వస్తువు మీద లేకపోతే ముప్పై ఏళ్ల తర్వాత దాన్ని పట్టుకున్న మనిషికి ఏం తెలుస్తుంది? బంగారం విషయంలో ఈ పాఠం నేర్చుకున్నాం. ఒక కొట్టులో కొన్న గొలుసును ఇంకో కొట్టుకు తీసుకెళ్తే మాట తేడా వచ్చే రోజులు అందరికీ గుర్తే. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల గుర్తు లేని హాల్‌మార్క్ నగను దుకాణాలు అమ్మకూడదు. ఆ చిన్న గుర్తు అమ్మకానికి వెళ్లే ఇల్లాలి చేతికి బలమిచ్చింది.

అదే బలం కమ్మరికి, కంచరికి ఎందుకు దక్కకూడదు? లేపాక్షి, గోల్కొండ హస్తకళల దుకాణాలు తాము కొనే ప్రతి లోహ వస్తువు మీద చేసినవారి గుర్తు, ఏడాది ఉండాలని ఒక్క షరతు పెడితే చాలు. కావలసినది ఒక ఉక్కు పోగర, ఒక సుత్తి దెబ్బ. ఈ ఏడాది చేసిన వాటితోనే మొదలుపెట్టవచ్చు.