కొలువు ఇచ్చారు సరే, ఇల్లెవరిస్తారు?

హైదరాబాద్‌ కూడళ్లలో ఎండకూ పొగకూ ఓర్చుకుంటూ, ఈల ఊది వాహనాలను గీత దగ్గర ఆపే ట్రాన్స్‌జెండర్‌ ట్రాఫిక్‌ అసిస్టెంట్లు నగరానికి ఇప్పుడు కొత్త కాదు. 2024 డిసెంబరులో గోషామహల్‌ మైదానంలో పరుగు, లాంగ్‌జంప్‌, షాట్‌పుట్‌ పరీక్షలు నెగ్గినవారిలో 39 మంది ఈ విధుల్లో చేరారు. సిగ్నళ్ల దగ్గర చేయి చాచడం తప్ప మరో దారి లేకుండా చేసిన సమాజంలో అదే సిగ్నల్‌ దగ్గర వారికి యూనిఫాం దక్కింది. తెలంగాణ ప్రభుత్వాన్ని ఇందుకు మెచ్చుకోవాల్సిందే.

ఈ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే పాత చట్టాల పుస్తకం తిరగేయాలి. 1329 ఫసలీ, అంటే 1919లో నిజాం ఏలుబడిలో హిజ్రాలపై ఒక చట్టం చేశారు. ఆడవేషంలో వీధిలో పాడినా, ఆడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. వారి పేర్లు, నివాసాలతో రిజిస్టరు పెట్టవచ్చు. నిజాం పోయాడు, హైదరాబాద్‌ రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ఏర్పడి విడిపోయింది. ఆ చట్టం మాత్రం చెక్కుచెదరలేదు. నూరేళ్లు దాటినా దాన్ని తీసిపారేయాలన్న ధ్యాస ఏ శాసనసభకూ కలగలేదు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేస్తే గానీ దాని పీడ విరగడ కాలేదు. చదువుల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్లు కల్పించాలనీ, ఆసరా పింఛను ఇవ్వాలనీ అదే తీర్పు చెప్పింది.

2011 జనాభా లెక్కల్లో ‘ఇతరులు’ గడిలో నమోదైనవారు దేశంలో 4,87,803 మంది. వివరాలు చెప్పుకోవడానికి జంకి ఆ గడిలోకి రానివారెందరో! ఇంతమందిలో 39 కొలువులు ఏ మూలకు? అయితే మా ఆందోళన ఆ అంకె గురించి కాదు. ఇచ్చిన కొలువు నిలబడుతుందా అన్నదే అసలు ప్రశ్న.

కొచ్చి మెట్రో అనుభవం కళ్లముందే ఉంది. 2017లో ఆ సంస్థ 23 మంది ట్రాన్స్‌జెండర్లను టికెట్‌ కౌంటర్లలో, పారిశుద్ధ్య పనుల్లో నియమిస్తే దేశమంతా చప్పట్లు కొట్టింది. రైళ్లు మొదలైన కొద్దిరోజులకే ఎనిమిది మంది మానేశారు. పని చేతకాక కాదు. నగరంలో అద్దె ఇల్లు ఇచ్చేవారు లేక! రోజువారీ అద్దెతో లాడ్జిలో ఉంటే జీతమంతా దానికే ఊడ్చుకుపోయింది. ఉద్యోగం ఇచ్చింది ప్రభుత్వ సంస్థ, పొమ్మన్నది ఇంటి యజమాని.

మన ఊళ్లలో పరిస్థితి వేరా? ‘టులెట్‌’ బోర్డు చూసి గేటు తడితే ముందు మనిషిని ఎగాదిగా చూస్తారు, ఆ తర్వాత ‘ఫ్యామిలీకే ఇస్తాం’ అంటారు. దయతలచిన చోట అద్దె పెంచుతారు. లేడీస్‌ హాస్టల్‌ రానివ్వదు, మగవాళ్ల హాస్టల్లో రాత్రి గడవదు. తెల్లవారితే డ్యూటీకి ఇస్త్రీ చేసిన చొక్కాతో రమ్మంటే ఎక్కణ్నుంచి రావాలి?

ప్రైవేటు కంపెనీల తీరు మరో రకం. ట్రాన్స్‌జెండర్లు, స్వలింగ సంపర్కులకు మద్దతుగా ‘ప్రైడ్‌ మాసం’గా జరిపే జూన్‌ నెల వచ్చిందంటే ఐటీ సంస్థల లోగోలు ఇంద్రధనుస్సు రంగులు పులుముకుంటాయి. జులై ఒకటిన కడిగేసుకుంటాయి. ఈ మధ్యలో ఇంటర్వ్యూ నెగ్గిన అభ్యర్థికి పేచీ ఎక్కడ వస్తుంది? డిగ్రీ పట్టాలో పుట్టినప్పటి పేరు, ఆధార్‌లో ఎంచుకున్న పేరు. ‘డాక్యుమెంట్లు కలవడం లేదండీ’ అని హెచ్‌ఆర్‌ నుంచి ఒక మెయిల్‌, అంతటితో సరి. ఆ గండం గట్టెక్కినా ఆఫీసులో ఏ టాయిలెట్‌కు వెళ్లాలో తెలియక పొద్దంతా నీళ్లు తాగకుండా గడపాలి. పోస్టర్ల మీద పెట్టే ఖర్చులో కొంత ఒక తలుపు, ఒక గొళ్లెం మీద పెడితే తీరే కష్టమిది.

చట్టం లేదా అంటే ఉంది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్‌ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఎన్ని సంస్థల నోటీసు బోర్డుల మీద ఆ అధికారి పేరు కనిపిస్తుంది? రెండు రాష్ట్రాల్లో రెండు ప్రైవేటు పాఠశాలలు కాదన్న ఒక ట్రాన్స్‌ ఉపాధ్యాయురాలి కేసులో 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆమెకు పరిహారం ఇప్పించింది. ఈ చట్టాన్ని కాగితాలకే పరిమితం చేశారని ప్రభుత్వాలను కటువుగానే మందలించింది. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 4 వేల రూపాయల పింఛను అందుతోంది. మంచిదే. చదువుకున్న యువతకు కావలసింది మాత్రం పింఛను కంటే ముందు పని, ఆ పనికి దగ్గర్లో తలదాచుకునే చోటు.

రెండు తెలుగు ప్రభుత్వాలూ వెంటనే చేయదగిన పనులు ఉన్నాయి. సర్కారు నడిపే మహిళా ఉద్యోగుల వసతిగృహాల్లో ట్రాన్స్‌ మహిళలకు గదులు కేటాయించాలి. కార్మికశాఖ తనిఖీకి వెళ్లినప్పుడు కనీస వేతనాల రిజిస్టరుతోపాటు ఫిర్యాదుల అధికారి నియామకపత్రం కూడా అడగాలి. లేకపోతే నోటీసు ఇవ్వాలి. పట్టాలో పేరు మార్చమని విశ్వవిద్యాలయానికి వచ్చినవారిని గుమాస్తాల చుట్టూ తిప్పకుండా గడువు పెట్టాలి. వీటిలో దేనికీ శాసనసభలో బిల్లు అక్కర్లేదు, సంబంధిత శాఖలు తలా ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.