రెండో ఫేజ్‌లో చూద్దాం

అమలాపురం నుంచి ఆదిలాబాద్ దాకా ఏ డాబా ఎక్కి చూసినా పిల్లర్ల మీద ఊచలు పైకి లేచి కనిపిస్తాయి. తుప్పు పట్టకుండా కొందరు సిమెంటు పాలు పూస్తారు, కొందరు ఖాళీ సీసాలు బోర్లిస్తారు. పెద్దోడి పెళ్ళి నాటికి పైన ఇంకో అంతస్తు వేద్దామనుకున్నారు. పెద్దోడు డాలస్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. ఊచలకు తీగ కట్టి బట్టలు ఆరేస్తున్నారు. తర్వాత పైకి లేపుకోవడానికి ఊచలు వదిలేయమని మేస్త్రీ ఊరికే ఇచ్చిన ఈ సలహానే గాజు గోడల ఆఫీసులో ఒకాయన టై కట్టుకుని చెబితే దాని పేరు ఫేజ్డ్ మాస్టర్ ప్లాన్, అంటే కంపెనీ క్యాంపస్‌ను విడతలవారీగా కట్టే పథకం. దీన్ని వెటకారం చేసేవాళ్ళతో నాకు పొసగదు. వ్యాపారం ఎంత పెరుగుతుందో ఎవరికీ తెలియనప్పుడు, తెలిసినట్టే కట్టుకుపోవడానికి ఇంతకన్నా శాస్త్రీయమైన పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

సూత్రం గట్టిదే. అంతస్తులు తర్వాతైనా లేపుకోవచ్చు, పునాదిని తర్వాత బలపరచాలంటే తడిసి మోపెడవుతుంది. అందుకని 12 అంతస్తుల బరువు మోసే పునాది ముందే పోసి, దాని మీద 5 అంతస్తులు కడతారు. ట్రాన్స్‌ఫార్మర్ గది, లిఫ్టు గుంత, మురుగునీటి శుద్ధి ప్లాంటు, అన్నీ 12 లెక్కనే. ఆ ప్లాంటుకి సరిపడా మురుగు రాక అందులోని సూక్ష్మజీవులు పస్తులుంటాయి, అదొక్కటే చిన్న ఇబ్బంది. ఇంక్రిమెంటు పడని ఏడాది ఉద్యోగులు వాటిని తలుచుకుని గుండె దిటవు చేసుకోవచ్చు.

నేను చూసిన ఒక కంపెనీ లాబీలో క్యాంపస్ నమూనా ఉంటుంది, గాజు పెట్టెలో. కట్టిన బ్లాకు తెల్లగా, మామూలుగా ఉంటుంది. కట్టబోయే మూడు బ్లాకులూ అక్రిలిక్‌తో చేసినవి, లోపల చిన్న దీపాలు వెలుగుతుంటాయి. ఉన్న బ్లాకుకి దీపం పెట్టలేదు. ఉన్నదానికి వెలుగెందుకు? లిఫ్టులో 5 దాకా బటన్లు, ఆపైన గుంతలకు స్టీలు బిళ్ళలు.

ఏది ఏ ఫేజ్‌లో రావాలన్నది చాలా లోతుగా ఆలోచించి నిర్ణయించారు. ఛైర్మన్ గారి ఛాంబరు, దాని వెనక విశ్రాంతి గది, ఇటాలియన్ మార్బుల్ లాబీ మొదటి ఫేజ్. క్యాంటీన్, క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే చోటు), టూవీలర్లకు నీడ రెండో ఫేజ్. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. ఏ ఫేజ్‌లో ఉండాలో మాత్రం చెప్పలేదు. అది చట్టం రాసినవాళ్ళ పొరపాటు, కంపెనీది కాదు.

"మేడమ్, క్రెష్ ఎప్పుడొస్తుందండీ?" అని మీటింగులో ఒకావిడ అడిగింది. హెచ్ఆర్ మేనేజర్ గారు నమూనా వైపు చేయి చూపించి, "అదిగోనమ్మా, బీ బ్లాకు గ్రౌండ్ ఫ్లోర్‌లో" అన్నారు. అందరూ అటు తిరిగి చూశారు. నిజంగానే ఉంది, బుల్లి జారుడుబల్లతో సహా. ఆవిడ పాప ఇప్పుడు మూడో తరగతి.

ఈ విద్యలో బొత్తిగా ముందుచూపు లేనివాళ్ళు ఆపిల్ వాళ్ళు. క్యూపర్టినోలో 12 వేల మందికని గుండ్రంగా ఒక్కటే భవనం కట్టి 2017లో తెరిచేశారు. వలయాన్ని ఎటు పొడిగిస్తారు? అమెజాన్ నయం. వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌కు 25 వేల ఉద్యోగాలు తెస్తామని 2018లో చెప్పింది, మొదటి ఫేజ్‌ను 2023లో తెరిచింది, అదే ఏడాది రెండో ఫేజ్‌ను ఆపేసింది. ఆపిన దాంట్లోనే ఉంది హెలిక్స్: మనుషులు చెట్ల మధ్య నడుస్తూ పైకెక్కేలా మెలికలు తిరిగిన 350 అడుగుల టవరు. బొమ్మలో మనుషులు హాయిగా ఎక్కుతూ ఉంటారు.

అదే అమెజాన్ మన నానక్‌రామ్‌గూడలో తొందరపడింది. 15 వేల మంది పట్టే భవనాన్ని 9.5 ఎకరాల్లో కట్టి 2019 ఆగస్టులో తెరిచింది. మరుసటి మార్చికల్లా కరోనా వచ్చి, ఊళ్ళో ఆఫీసులన్నీ అమ్మావాళ్ళింటి డైనింగ్ టేబుల్ మీదికి మారాయి. ఆ టేబుల్‌ను ఏ మాస్టర్ ప్లాన్‌లోనూ గీయలేదు. ఇక మాదాపూర్ సంగతి తెలిసిందే. 1998లో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటి నుంచి అక్కడ భవనాలు ఒకదాని తర్వాత ఒకటి లేస్తూనే ఉన్నాయి. వాటిలోంచి సాయంత్రం అందరూ ఒకేసారి ఇంటికి బయల్దేరతారన్నది ఏ ఫేజ్‌లో రాశారో వెతకాలి.

ఇక నా ప్రతిపాదన. హైదరాబాద్‌లో పెద్ద భవనానికి పర్మిషన్ కావాలంటే కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతం తనఖా రాయాలి. ప్లాన్ ప్రకారం కట్టి, భవనాన్ని వాడుకోవచ్చనే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే విడిపిస్తారు. సర్కారుకే నమ్మకం లేనప్పుడు ఉద్యోగి ఒక్కడే ఎందుకు నమ్మాలి? రెండో ఫేజ్‌లోకి నెట్టిన ప్రతిదానికీ మొదటి ఫేజ్‌లోంచి ఒకటి ఉద్యోగుల పేర తనఖా పెట్టాలి. క్యాంటీన్ కట్టేదాకా భోజనాలు బోర్డ్‌రూమ్‌లో. ఆ పొడుగాటి టేబుల్‌కి రెండు వైపులా ఆకులు వేస్తే ముప్పై మంది ఒక బంతికి కూర్చోవచ్చు, సాంబారు ఒలికినా టేకు చెక్క తట్టుకుంటుంది. క్రెష్ వచ్చేదాకా ఛైర్మన్ గారి విశ్రాంతి గదిలో ఉయ్యాల. స్లాబ్‌కి కొక్కెం ఉందా అని ఇంజినీరు గారు అడ్డుపడతారేమో. షాండ్లియర్ దించండి, దాని కొక్కెం ఉంది.