తలుపులు మూసేసి ఆన్‌లైన్‌లో చూసుకోమంటే ఎలా?

అమెరికాలో చాలా ఊళ్ళల్లో ఎల్‌డీఎస్ (మోర్మన్లు అంటారే, వాళ్ళ) చర్చి బిల్డింగుల్లో ఒక చిన్న గది ఉంటుంది, ఫ్యామిలీ హిస్టరీ సెంటర్ అనేవాళ్ళు, ఇప్పుడు ఫ్యామిలీసెర్చ్ సెంటర్ అంటున్నారు. ఏ మతం వాళ్ళయినా వెళ్ళొచ్చు, డబ్బులు తీసుకోరు, ఎవరో రిటైరైన పెద్దాయనో పెద్దావిడో వాలంటీర్‌గా కూర్చుని మీ వాళ్ళది ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడిగి దగ్గరుండి మీ తాతముత్తాతల రికార్డులు వెతికిపెడతారు. మనవాళ్ళల్లో ఈ గది సంగతి తెలిసినవాళ్ళు తక్కువ, అందుకే కోవిడ్ తర్వాత చాలా చోట్ల టైమింగ్స్ తగ్గించేసినా, ముందు అపాయింట్‌మెంట్ తీసుకునే రమ్మంటున్నా మనకి పట్టలేదు. పట్టించుకోవాలి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇదివరకు ఆ చర్చి కేంద్రమైన సాల్ట్ లేక్ సిటీ నుంచి పాత రికార్డుల ఫొటోలున్న మైక్రోఫిల్మ్ రీళ్ళు తెప్పించుకుని మన ఊరి సెంటర్లోనే మెషీన్ మీద చూసుకునే వీలుండేది, 2017 సెప్టెంబర్‌లో ఆ పద్ధతి ఆపేశారు. కారణం అర్థం చేసుకోదగ్గదే, ఫిల్మ్ ఖరీదైపోయింది, కాలం డిజిటల్ వైపు పోయింది, వాళ్ళు కూడా దాదాపు 24 లక్షల రీళ్ళని 2021 కల్లా స్కాన్ చేసేశారు, ఆ పనికి చేతులెత్తి దండం పెట్టాలి. కానీ అసలు విషయం చాలామందికి తెలీదు. స్కాన్ అయినవన్నీ ఇంట్లో కంప్యూటర్లో తెరుచుకోవు! రికార్డులు అసలు ఎవరివో వాళ్ళతో ఉన్న ఒప్పందాల వల్ల చాలా ఫొటోల మీద తాళం ఉంటుంది, సెంటర్‌కో, వాళ్ళతో కలిసి పనిచేసే అఫిలియేట్ లైబ్రరీకో వెళ్తేనే కనపడతాయి. 2020 మార్చ్‌లో సెంటర్లన్నీ మూసేసినప్పుడు ఆ తాళం వేసిన రికార్డులు కావాల్సిన వాళ్ళు తెరిచేదాకా ఎదురుచూడటం తప్ప చేసేదేం లేకపోయింది. అంటే "అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయిగా, గది ఎందుకు" అనే మాట నిజం కాదు, ఆన్‌లైన్ రికార్డ్ చూడటానికే ఆ గది కావాలి.

మనకేంటి సంబంధం అంటారేమో. మన తాతముత్తాతల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయో ఒకసారి ఆలోచించండి. భూమి ఉన్నవాళ్ళ పేర్లు కరణం గారి లెక్కల్లో ఉండేవి, 1984లో ఆ వ్యవస్థ రద్దయింది, ఊళ్ళో అన్ని తరాల సంగతి తెలిసిన మనిషి లేకుండా పోయాడు. కాశీ, గయ వెళ్ళగలిగిన వాళ్ళ పేర్లు అక్కడి పండాల (తీర్థ పురోహితుల) పుస్తకాల్లో ఉంటాయి. (హరిద్వార్ పండాల పుస్తకాలని మైక్రోఫిల్మ్ తీయించింది కూడా ఈ సాల్ట్ లేక్ వాళ్ళే.) మరి భూమీ లేక, కాశీ వెళ్ళే స్తోమతా లేక బతికిన కుటుంబాల సంగతి? వాళ్ళ పేర్లు దొరికేది ముఖ్యంగా రెండు చోట్ల, చర్చి బాప్తిస్మం రిజిస్టర్లలో, కూలికి ఓడెక్కిన వాళ్ళ లిస్టుల్లో. 1878 జులై 3న ఒంగోలు దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగ కుటుంబాల వాళ్ళు, నడిపించింది అమెరికన్ బాప్టిస్ట్ మిషన్, ఆ మిషన్ల ఉత్తరాలూ రిపోర్టులూ ఇక్కడ అమెరికాలో చర్చి ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇక ఓడల సంగతి, 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి కూలి పనికి వెళ్ళిన 1,52,184 మందిలో ఎక్కువమంది మద్రాస్ నుంచే ఓడెక్కారు, ఆ లిస్టుల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. ఈ రోజు డర్బన్‌లో ఉన్న నాయుడూలకీ రెడ్డీలకీ తమ ఊరు ఏదో చెప్పగలిగింది ఆ ఒక్క లైనే. వంశవృక్షం అంటే పెద్ద కులాల వాళ్ళ ముచ్చట అనుకునే వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఇలాంటి గదులు మూతపడితే ఎక్కువ నష్టపోయేది ఇంట్లో ఏ కాగితమూ మిగలని కుటుంబాలే.

ఇంకోటి, రికార్డ్ కళ్ళ ముందు ఉన్నా చదవడానికి మనిషి కావాలి. చికాకోల్ అంటే శ్రీకాకుళం, కోకనాడ అంటే కాకినాడ, మసూలిపటం అంటే బందరు అని ఏ సెర్చ్ బాక్స్ చెప్తుంది? ఇంగ్లీష్ క్లర్కు చెవికి వినపడినట్టు రాసుకున్న ఇంటిపేర్లు మనం బయటికి చదివితేనే తెలుస్తాయి. సెంటర్లో ఉండే వాలంటీర్లకి ఐరిష్, జర్మన్ పేర్లు కొట్టిన పిండి, తెలుగు పేర్లు వాళ్ళకి రావు. అది మన పని, మనం చెయ్యట్లేదు.

ప్రభుత్వ ఆర్కైవ్స్‌లోనూ ఇదే ధోరణి. సియాటిల్‌లో నేషనల్ ఆర్కైవ్స్ బిల్డింగ్ అమ్మేసి రికార్డులని కాన్సాస్ సిటీకి, కాలిఫోర్నియాలో రివర్‌సైడ్‌కి పంపేద్దామని 2020లో నిర్ణయించారు. నేటివ్ అమెరికన్ తెగలు, చైనీస్ అమెరికన్ సంఘాలు, వాషింగ్టన్ రాష్ట్రం కలిసి కోర్టుకెళ్ళాయి, 2021 ఫిబ్రవరిలో జడ్జి ఆపేశారు, ఏప్రిల్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ చైనీస్ సంఘాల వాళ్ళకి తెలుసు, తమ తాతల ఇమిగ్రేషన్ ఫైళ్ళు ఆ బిల్డింగ్‌లో ఉన్నాయని, అందుకే వదల్లేదు. సియాటిల్ పక్కన రెడ్‌మండ్, బెల్‌వ్యూలో ఇంతమంది తెలుగువాళ్ళం ఉన్నాం, మన సిటిజన్‌షిప్ కాగితాలూ ఇంకో యాభై ఏళ్ళకి ఎవరో మనవడు వెతుక్కునే రికార్డులే కదా.

అందుకని మన తెలుగు సంఘం కమిటీని అడుగుతున్నాను. ఉగాదికి, సంక్రాంతికి హాల్ బుక్ చేసి సినిమా పాటల డ్యాన్సులు పెడుతున్నాం, పెట్టుకుందాం, దాంతోపాటు నెలకో శనివారం దగ్గర్లో ఉన్న సెంటర్‌కి ఇద్దరు తెలుగు వాలంటీర్లని పంపుదాం. ఎవరూ రావట్లేదని టైమింగ్స్ తగ్గించే చోట నలుగురు వస్తున్నారంటే ఆ మాటకి విలువ ఉంటుంది. సెంటర్ దూరమైతే మన పబ్లిక్ లైబ్రరీని అఫిలియేట్‌గా చేరమని అడుగుదాం, లైబ్రరీ బోర్డ్ మీటింగుల్లో పబ్లిక్ కామెంట్‌కి టైమ్ ఇస్తారు, టాక్సులు కట్టేవాళ్ళం, అడగడానికి మొహమాటం ఎందుకు. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకి వచ్చి ఇంట్లో ఏం తోచక కూర్చుంటారు, వాళ్ళని తీసుకెళ్ళండి, పాత దస్తావేజుల భాష, గొలుసుకట్టు రాత చదవగలిగేది వాళ్ళే. వచ్చే జనరల్ బాడీ మీటింగ్‌లో ఈ విషయం అజెండాలో పెట్టమని కమిటీకి ఈమెయిల్ పంపాను, సరే అనుకునేవాళ్ళు మీరూ ఒకటి పంపండి.